లెక్కపెట్టిన చెట్లు

నా పేరు వంతల కృపావతి. భర్త ఫల్గుణ. వయసు ముప్పై ఏడు. కాఫీ సాగు చేస్తాను. కాపురం పెదబయలు మండలం పనసగెడ్డ. మా తోటలో కాఫీ మొక్కలు నరికిన కేసులో ఎస్సై నిర్మల గారు అడగగా నా అంతట నేను చెబుతున్నాను. బయట బల్ల మీద కూర్చోబెట్టిన ముసలాయన మంగ్లు మా మామగారి అన్న, నాకు పెదమావ. ఆయన ఈ పని చేయలేదు. నరికింది నేనే. ముందు అది రాసుకోండి, ఆయన్ని ఇంటికి పంపండి. తక్కినది తీరిగ్గా చెబుతాను.

మా ఊళ్ళో అందరి కాఫీ కలిపి ఒకే లారీకి వేస్తాం. కొనేవాళ్ళు డబ్బు ఒకే బ్యాంకు ఖాతాలో వేస్తామన్నారు, ఆ మనిషికి పాన్ కార్డు ఉండాలన్నారు. ఊళ్ళో అది ఉన్నది నాకే. పదో తరగతి చదివిన పాపానికి నన్ను ముందుకు తోశారు. పడిన డబ్బు డ్రా చేసి చర్చి అరుగు మీద అందరికీ పంచేశాను. ఎవరి చేతా సంతకం తీసుకోలేదు, మాలో ఆ అలవాటు లేదు. కిందటి చలికాలం ఆదాయపు పన్ను వాళ్ళ నోటీసు వచ్చింది. ఊరందరి సొమ్మూ నా ఒక్కదాని వ్యాపారపు ఆదాయమేనని అందులో ఉంది.

పాడేరులో పన్నుల లెక్కలు చూసే సర్వేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను. మంచివాడే, ఆయన మీద నాకేమీ కోపం లేదు. ఎవరి పంట వాళ్ళదేనని ఊరంతా సంతకాలు పెడితే ఈ బరువు నా మీద ఉండదన్నారు. అంతవరకు మాత్రం ఈ ఏడాది ఎంత వస్తుందో ముందే అంచనా వేసి, పన్ను నాలుగు వాయిదాల్లో కట్టాలన్నారు. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి. పదిహేనో తేదీ దాటితే వడ్డీ.

"మా కాఫీ డబ్బులు చలికాలంలో గానీ రావు బాబూ. జూన్‌లో కాయ మిరియం గింజంత ఉంటాది. ఏటని సెప్పీది?" అని అడిగాను.

"ఒక తోటలో చెట్టుకెన్ని కాయలో చూసి, దాన్నిబట్టి ఊరు మొత్తానికీ కట్టమ్మా. తర్వాత తగ్గితే తగ్గించుకుందాం" అన్నారు.

సంతకాల మాట ఊళ్ళో ఎత్తగానే పెదమావ లేచాడు. "కాయితం మీద ఏలిముద్రెట్టే మా తాత మెట్టంతా పోగొట్టుకున్నాడే కోడలా. కావాలంటే పన్ను తలా ఇంత ఏసుకుందుం. ఏలు మాత్రం ఎట్టం" అన్నాడు. ఆయన మాటే ఊరి మాట. తలా ఇంత వేసుకుని జూన్ వాయిదా కట్టాం.

ఆ వాయిదా కోసమే నేను తోటలోకి దిగి కొమ్మ కొమ్మకీ కాయలు లెక్కపెట్టాను. మా కట్టుబాటు మీకు తెలుసో లేదో. కొత్త పండగ చేసి శంకుదేవుడికి పెట్టేదాకా పంట నోట పెట్టం. చెట్టు మీద ఉండగా లెక్క అసలే పెట్టం. నేను ఆదివారం ప్రార్థనకు వెళ్ళేదాన్ని, ఇవన్నీ నాకు లేవనుకునేదాన్ని. అయినా లెక్కపెడుతున్నంతసేపూ కొంగు నెత్తిన కప్పుకునే ఉన్నాను.

ఆగస్టు ఆఖరులో కాయకు పురుగు పట్టింది. కాయ కొసన సూదిబెజ్జం పెట్టి లోపలికి పోయే నల్లటి పురుగు. ముందు నా తోటలోనే కనబడింది. మిగతా తోటల్లో అంతకు ముందే ఉండవచ్చు, ఎవరు చూశారు? పెదమావ అందరి ముందూ అనేశాడు. "సెట్టు మీద కాయ లెక్కెట్టినావు. నీ ఏలు తగిలిన సోటల్లా తొలిసేసింది సూడు. ఏటి సేత్తన్నావో తెలిసే సేసినావా?"

ఆ రోజు నుంచి నేను గెడ్డకు నీళ్ళకు వెళితే ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకుంటున్నారు. ఏటా నాతో కలిసి కాయ కోసే గంగ కూడా మాట మానేసింది. కానీ ఈ ఏటి కాఫీ డబ్బు మాత్రం నా ఖాతాలోనే పడాలట! మనిషి పనికిరాదు, ఖాతా పనికొస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సెప్టెంబరు వాయిదా నెత్తి మీదికి వచ్చింది. పంట పోయిందని సర్వేశ్వరరావు గారికి ఫోన్ చేశాను. "దానికేముందమ్మా, మళ్ళీ ఒకసారి లెక్కేసి చెప్పు, అంచనా తగ్గించి కడదాం" అన్నారు. మళ్ళీ ఒకసారి! ఆయనకేం, నోటి మాట. లెక్కపెడితే ఊరు నన్ను బతకనివ్వదు. లెక్కపెట్టకపోతే జూన్‌లో చెప్పిన పెద్ద అంచనాకే కట్టాలి, అంత డబ్బు ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ సంగతి ఆయనకు విడమరిచి చెప్పలేదు. నవ్వుతారని భయపడ్డాను.

పన్నెండో తేదీ సంతకు వెళ్ళి ఊరు ఖాళీ అయింది. పదకొండు గంటలకు కత్తి పట్టుకుని తోటకు వెళ్ళాను. లెక్కపెట్టిన చెట్లే లేకపోతే మళ్ళీ లెక్కపెట్టమని ఎవరూ అడగరనుకున్నాను. ఏడేళ్ళు పెంచిన చెట్లు, ఏడుస్తూనే నరికాను. నీడ చెట్లకు అల్లుకున్న మిరియం తీగ ఒక్కటీ తెగకుండా చూసుకున్నాను, ఎందుకో తెలియదు. మూడింటికి అయిపోయింది. గెడ్డలో కత్తి కడుక్కుని ఇంటికి వచ్చి వంట చేశాను.

సంత నుంచి వచ్చిన నా భర్త తోట చూసి, పెదమావే చేయించాడని ఫిర్యాదు ఇచ్చాడు. నేను నోరు విప్పలేదు. ఇవాళ పొద్దున పెదమావను జీపు ఎక్కిస్తుంటే చూడలేకపోయాను. వెనకాలే ఆటోలో వచ్చాను.

ఇంతవరకు రాశాక ఎస్సై గారు పెదమావను లోపలికి పిలిచి వినిపించారు. తాను చేయలేదని పొద్దుటి నుంచి ఆయన ఒక్కసారి కూడా అనలేదట. ఎందుకని ఎస్సై గారు అడిగారు. "నాను తిట్టినాను గదమ్మా. నా మాట ఇని మా కుర్ర గుంటలెవులో నరికేసినారనుకున్నాను. ఆళ్ళ పేర్లెందుకని ఊరుకున్నాను" అన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. దగ్గరికి వచ్చి, "మొదలెంత ఉంచినావే కోడలా?" అని అడిగాడు. మోకాలెత్తు ఉంచానన్నాను.

"అయితే ఏటీ అవదు, ఏడవకు. సిగురేత్తాది. మూడో ఏటికి మల్లీ కాపే" అన్నాడు.

నన్ను ఓదార్చడానికే అన్నాడు. కాపు వస్తే మళ్ళీ జూన్ వాయిదా వస్తుంది, మళ్ళీ లెక్కపెట్టాలి. వేర్లతో సహా పెకిలించాల్సిందని పైకే అన్నాను. అది కూడా రాయమన్నాను.

పైన ఉన్నదంతా నేను చెప్పినట్టే ఉంది. చదివి వినిపించారు, నేనూ చదువుకున్నాను. ఎవరి భయానికో చెప్పింది కాదు, ఒక్క అబద్ధమూ లేదు.

(సంతకం)
వంతల కృపావతి