కొట్టం కాడ చాప

కోరుట్ల, సకల జనుల సమ్మె రోజులు. సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం అత్త సత్తవ్వ, కోడలు జమున.

"మల్ల కొట్టం కాడనే చాప ఏసినవా, జమునా?"

"ఔ అత్తా. బయటున్న."

"పండుగపూటనే బయటుండాల్నా?"

"నా చేతుల ఉంటదా?"

"పోయినేడు గిదే పండుగకు దవఖానల పడి ఉంటివి. రొమ్ము కోసిరి, కీమో సూదులు ఏసిరి. ఈయేడన్న నువ్వు పేర్చు బిడ్డా. నా చేతులు వణుకుతున్నయి, తంగేడు నిలుస్తలేదు."

"రత్నమాల వదినె పేరుస్తది."

"నా బిడ్డనెందుకు తెస్తవు నడుమ?"

"ఆమెనే గద అన్నది. సూదులకు గర్భసంచి ఎండిపోయింది, ఇగ నెలసరి రాదు, పిల్లలు కారు, తమ్మునికి ఇంకో పిల్లను చూద్దామని."

"డాక్టరమ్మ గట్ల అన్నదా?"

"చిన్న వయసే గద, మల్ల రావచ్చు, రాకపోవచ్చు అన్నది."

"గదేం మాట? వాన సంగతి చెప్పినట్టు."

"నన్నడిగితే నాకేమెరుక?"

"రత్నమాలకు నేనేం చెప్పిన్నో ఎరుకేనా? నా కోడలు నెలనెలా బయటుంటది, కొట్టం కాడ చాప చూసి మాట్లాడు అన్న. లే ఇగ. పేర్చు."

"బయటున్నోళ్లు పూలు ముట్టద్దు గద."

"ముట్టు."

"అత్తా?"

"సూదులు ఒడిసినంక ఉగాదికి కొన్న ప్యాడ్ల ప్యాకెట్ బీరువల అట్లనే ఉన్నది. మూతి సుత తెరువలే. నిన్న మాపటికి సుత చూసిన. నాకు కండ్లు లేవనుకున్నవా?"

"ఆర్నెల్ల సంది తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పవైతివి?"

"ఏం చెప్పాలె? నెలకు మూడ్రోజులు గా దోమలల్ల పంటుంటివి. నేను నోరు తెరిస్తే రత్నమాల ఇనదా? నీ మొగడు భాస్కర్ మస్కట్ నుంచి ఫోన్ జేసినప్పుడల్ల నేను సుత అబద్ధమే ఆడితి. ఇసుగచ్చింది బిడ్డా. నీకు రాలేదా ఇసుగు?"

"అచ్చింది."

"మరి గా దొంగ చాప మడత పెట్టు. బస్సులు బందయి అమ్మగారింటికి సుత పోకపోతివి. సమ్మె టెంటు కాడ వాడకట్టంత ఆడుతరు. నడువు."

"నేను పేర్చ, అత్తా."

"ఎందుకు? ఇంకా నా కాడ దాస్తవా?"

"దాస్తలేను. పొద్దుగాల బీరువ చూడలేదు గద నువ్వు."

"చూస్తే ఏంది?"

"గా ప్యాకెట్ తెరిచిన."