పట్టికలో రాణి

పాత రాజుల కథ మళ్లీ అచ్చుకు వెళ్తోంది. పుస్తకం చివర వేసే పేర్ల పట్టిక సాయంత్రంలోగా ప్రెస్సుకు అందాలి. దాన్ని రాస్తున్న అమ్మాయి కాగితాలు పట్టుకుని ప్రూఫుల మాస్టారి బల్ల దగ్గరికి వచ్చింది.

“మాస్టారూ, పట్టికలో రాణి లేదేంటండీ?”

“పేరున్నవాళ్లనే వేస్తామమ్మా. కథంతా ‘రాజుగారి భార్య’ అనే ఉంది. అందుకే రాజు కింద చేర్చేశాం.”

“రాజుగారి గుర్రాన్ని వేశాం కదండీ!”

“గుర్రానికి పేరుంది మరి.”

“రాణికీ ఉందండీ. రెండొందల పన్నెండో పేజీ చూడండి. రాణి మూడు రోజులుగా ముద్ద ముట్టకపోతే దాసి బతిమాలుతుంది. ‘తారావళీ, నా తల్లీ, ఒక్క ముద్ద తిను’ అని.”

మాస్టారు కళ్లజోడు సవరించుకుని ఆ పేజీ రెండుసార్లు చదివారు.

“మూడు ముద్రణలకు ప్రూఫులు దిద్దాను. ఒక్కసారీ నా కంట పడలేదు.”

“వేద్దామాండీ?”

“వెయ్యి. రాజు కింద ఉన్న ఆవిడ పేజీలన్నీ ఆవిడకిచ్చెయ్.”

“రాజుగారు చిక్కిపోతారేమో!”

“ఆయనకి యుద్ధాలున్నాయిలే.”

ఆమె రాణి పేరు రాసి, అక్కడే ఆగింది.

“పేరుపెట్టి పిలిచిన దాసికి మాత్రం పేరు లేదండీ.”

మాస్టారు ఆ పేజీని మళ్లీ దగ్గరికి లాక్కున్నారు.

“‘దాసి’ అని రాసి, ఆ పేజీ అంకె వెయ్యమ్మా. పేరున్నవాళ్లనే వెయ్యాలన్న రూలు పెట్టింది నేనేగా.”