పడవంత పరిగె

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఆ సంగతి ఈ టీకొట్టు బల్లకి కూడా తెలుసు. కానీ ఇందాక పోస్టుమాను గ్లాసెడు మంచినీళ్ళు గటగటా తాగేసి, "అబ్బ, ఈ ఊరి నీళ్ళు ఎంత బావుంటాయో!" అన్నాడు చూడండి, ఇక నా నోరు ఊరుకుంటుందా?

"దణ్ణం పెట్టుకుని తాగు నాయనా," అన్నాను. "అవి నీ గొంతులో చల్లగా దిగుతున్నాయంటే ఒక చేప వల్ల, ఆ తర్వాత నా వల్ల."

పక్కన దర్జీ మిషను తొక్కడం ఆపేశాడు. కొట్టు నడిపే మా మరిది మాత్రం తలెత్తలేదు. "వదినా, మెల్లగా మొదలుపెట్టు, పాలు పొంగిపోతాయి," అన్నాడు.

మెల్లగానే మొదలుపెట్టాను. అదుగో, ఎదురుగా కనిపించే పంపుహౌసులో నేను ఊడ్చేదాన్ని, మా మరిది మోటారు నడిపేవాడు. నది నీళ్ళు ఊళ్ళోకి పోయేముందు ఒక గాజుతొట్టిలోంచి పారేవి. అందులో పరిగె చేపపిల్లలు, వేలెడేసి. ఆ గాజు తుడవడం, వాటినో కంట కనిపెట్టడం నా పని. నీళ్ళు బావున్నాయా, అన్నీ పారే నీటికి ఎదురుగా మూతులు పెట్టి బుద్ధిగా నిలబడతాయి. ఎండలకి నీళ్ళు కాగితే తిండి మానేసి అడుగున పడుకుంటాయి. పొలాల్లో కొట్టిన మందు వానకి కొట్టుకొస్తే గాజుకి ఒళ్ళు రుద్దుకుంటాయి. ఒంట్లో బాగోకపోతే మనం మూలుగుతాం, వాటికి మొప్పలే నోరు.

"ఇంతవరకూ నిజమే," అన్నాడు మరిది, ఇంకో గ్లాసు కడుగుతూ.

"అక్కడికి మిగతాది అబద్ధమైనట్టు! ఈ చేప సంగతి జరిగిన ముందురోజే మా తోడికోడలు, వీడి పెళ్ళాం, ఆడపిల్లని కంది. పసిగుడ్డుకి స్నానం పొయ్యాలి, తల్లికి నీళ్ళు కాచివ్వాలి, ఇంట్లో బిందెలన్నీ కుళాయి కింద నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఇక్కడ నేను గాజు తుడుస్తున్నాను. అన్నిట్లోకీ చిన్నది, తోక దగ్గర నల్లచుక్క ఉన్నది, వరస తప్పింది. రంగు వెలిసిపోయింది. పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది పెద్దమ్మా?" అన్నాడు దర్జీ.

"నా కళ్ళలోకి చూసి, తోకతో గాజు మీద టకటకా కొట్టింది."

"చేపా?"

"చేప కాక నీ కత్తెరా? నేను మూత తీశానో లేదో, ఎగిరి నా చెంబులో పడి, మూతి నది వైపు పెట్టింది. సరే పద తల్లీ అని చెంబు చంకనెట్టుకుని నదిలో దూకాను. ఎదురీత! నా ఈత జోరుకి పడవలవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. చేపేమో చెంబులోంచి ఇటు అటు అని తోకతో చూపిస్తోంది. అలా ఆమడ దూరం పోయేసరికి రంగుల ఫ్యాక్టరీ గొట్టం, ఏనుగు పట్టేంతది, ఊదారంగు నీళ్ళు కక్కుతోంది."

"ఏనుగు పట్టేంతా?" అన్నాడు పోస్టుమాను.

"పిల్ల ఏనుగే అనుకో, నీ తృప్తి కోసం. గొట్టానికి వీపు అడ్డం పెట్టి కూర్చున్నాను. నా వీపు చాల్లేదు. అప్పుడు చేప ఒక్క ఈల వేసింది! జెల్లలు, వాలుగలు, మీసాలు నెరిసిన ముసలాళ్ళతో సహా నదిలో ఉన్న చేపలన్నీ వచ్చి గొట్టంలో బిరడాలా బిగుసుకున్నాయి. ఆ నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి తన్నాయి. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ యజమాని ఒంటికి సబ్బు రాసుకుని షవరు తిప్పాడు. ఈనాటికీ ఆయన చెవుల వెనక ఊదాగానే ఉంటుంది, కావాలంటే వెళ్ళి చూసిరండి. ఊరికే టోపీ పెట్టుకు తిరుగుతున్నాడా మరి?"

దర్జీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. పోస్టుమాను సంచి దించి బల్ల మీద చతికిలబడ్డాడు. "మరి ఆ చేప ఏమైంది?"

"దానికేం, మహారాణి! నదిలో వదిలాం. చేసిన మంచి ఒంటికి పట్టి, పెరిగి పెరిగి పడవంతైంది. అవతలి ఒడ్డు పిల్లల్ని వీపుమీద ఎక్కించుకుని బడి దగ్గర దింపుతుంది. మొన్న నన్ను చూసి..."

"వదినా," అన్నాడు మరిది. చేతిలో వడపోత గుడ్డ పక్కన పెట్టాడు. "ఆ చేప ఆ రోజు మధ్యాహ్నమే చచ్చిపోయింది."

దర్జీ, పోస్టుమాను ఇద్దరూ వాడి వైపు తిరిగారు.

"నువ్వు నదిలో దూకలేదు, మోకాలు దాటి నీళ్ళలో దిగడమే నీకు భయం. మోటారు ఆపమన్నావు. వేలెడు చేప కోసం మోటారు ఆపుతానా, ఇంట్లో పసిగుడ్డుకి నీళ్ళు కావాలి, నీ చాదస్తం కట్టిపెట్టు అన్నాను. నువ్వు ఫ్యూజులు పీకి, కొంగున ముడేసుకుని, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నావు. ఊరంతా ఖాళీ బిందెలతో వచ్చి నోటికొచ్చినట్టు తిట్టారు. ఇంజనీరు ఉద్యోగం పీకేస్తానన్నాడు. కదల్లేదు నువ్వు. నీళ్ళు పరీక్షకి పంపితే సాయంత్రానికి తెలిసింది, విషమని. తొట్టిలో ఒక్క చేపా మిగల్లేదు." వాడు ఆ గుడ్డని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆ నీళ్ళు మా అమ్మాయి ఒంటిమీద పోసేవాళ్ళం."

పోస్టుమాను మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చాడు. తాగాను.

"పోయింది లేవయ్యా," అన్నాను గ్లాసు దించి. "ఊరందరి వంతు విషమూ అవే మింగి పోయాయి. చేసిన పనేమో అంత, ఒళ్ళేమో వేలెడు. ఉన్నదున్నట్టు చెబితే దాన్ని తక్కువ చేసినట్టుంటుందని కాస్త పెంచాను. తప్పా?"

మరిది నాకేసి చూడకుండా పొయ్యి మంట తగ్గించాడు.

"తప్పని ఎవరన్నారు వదినా? పడవంతతో సరిపెట్టావేం, ఓడంత అను."