గర్భిణుల గది ముందు

ఆసుపత్రి వరండాలో ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒకామె రోజూ ఆ వరండా తుడిచే మనిషి, నిండు గర్భిణి. రెండో ఆమె ఎవరూ లేని గర్భిణులకు తోడుగా వస్తుంటుంది.

"కుర్చీ అంచున కూర్చున్నావేంటి? వెనక్కి ఆనుకో."

"రోజూ నేను తుడిచే కుర్చీలక్కా ఇవి. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో."

"కడుపుతో ఉన్నావనుకుంటారు. బిడ్డ కదులుతోందా?"

"నిన్నటి నుంచి కదలిక సరిగ్గా తెలియడం లేదు."

"మరి నిన్ననే డాక్టరమ్మకి చెప్పొచ్చు కదా?"

"చెబుదామనే గది తుడవడానికి రెండోసారి కూడా వెళ్లాను. ఆవిడ కాళ్లు పక్కకి తీసి తుడవనిచ్చింది. నాకు నోరు పెగల్లేదు."

"ఇవాళ నేను పక్కనుంటాగా, చెబుదువులే."

"నీకెంతమంది పిల్లలక్కా?"

"ఒక్కతే పుట్టింది. దక్కలేదు. నాకు తోడు వచ్చేవాళ్లు లేక, ఇక్కడికి చేరేసరికే ఆలస్యమైపోయింది."

"అందుకేనా మా అందరి వెంటా వస్తున్నావు?"

"అదిగో, లోపల్నుంచి నిన్నే పిలుస్తున్నారు. అటెక్కడికి లేచావు?"

"బకెట్ తెస్తానక్కా. లోపల ఏదో ఒలికినట్టుంది."

"ఏమీ ఒలకలేదు తల్లీ. ఇవాళ పిలిచింది నిన్ను చూడ్డానికి. నా చెయ్యి పట్టుకో, పద."