వరసలో నిలబడిన సంచి

ఆ బస్టాండులో మూడో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర బస్సు కోసం మనుషులు నిలబడరు, సంచులు నిలబడతాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ సంచిని వరసలో పెట్టి, పక్కనే ఉన్న కొట్టు బెంచీ మీద కూర్చుని టీ తాగుతారు. బస్సు రాగానే ఎవరి సంచి దగ్గరికి వాళ్ళు పోయి నిలబడతారు. ఒకరి సంచిని ఇంకొకరు దాటిన రోజు లేదు. కొట్టు నడిపే ఆవిడను అందరూ అక్కా అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ పొయ్యి వెలుగుతున్నది ఆ సంచుల వరస పుణ్యమే.

ఇప్పుడు ఆ పొయ్యికే నోటీసు వచ్చింది. కిందటి నెల ఈ బెంచీ పక్కన బాంబు దొరికిందని టీవీలో వచ్చింది కాబట్టి ఇది ప్రమాదకరమైన చోటట, కొట్టు తీసెయ్యాలట. కాదని నిరూపించాలంటే ఆ రోజు డ్యూటీలో ఉన్న కాపలాదారు వాంగ్మూలం ఒక్కటే చెల్లుతుందట. ఆ కాపలాదారుని బస్టాండులో అందరూ కమాండో అంటారు. అది బాంబని టీవీవాళ్ళకు చెప్పిందీ అతనే.

నిన్న అక్క అతన్ని కూర్చోబెట్టి బతిమాలింది. ఉన్నది ఉన్నట్టు చెబుతానని అతను నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. మనస్ఫూర్తిగానే వేశాడు. తన నాలుక సంగతి అతనికి కూడా సరిగ్గా తెలియదు, అంతే.

విచారణాధికారి మూడున్నరకు వచ్చి, బెంచీ మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని పెన్ను మూత తీశాడు. డ్రైవరూ కండక్టరూ చుట్టూ చేరారు. బెంచీ చివర గడియారాలు బాగుచేసే తాత టీ ఊదుకుంటున్నాడు. పొద్దున అక్క ఆయన్ని ఒక చిన్న సాయం అడిగింది. అది చేసి వచ్చే కూర్చున్నాడు.

కొట్టు మూలన టీవీలో ఎర్ర గీత నడుస్తోంది, ఈ వారం కూడా అప్రమత్తంగా ఉండాలని. ఎవరి నుంచో, ఏ మూల నుంచో చెప్పదు. మొదటిసారి ఆ గీత చూసి అక్క కూతుర్ని బడి మాన్పించింది. రెండోసారి బిస్కెట్ల డబ్బాలన్నీ ఇంటికి మోసుకుపోయి, మర్నాడు మళ్ళీ మోసుకొచ్చింది. ఆ తర్వాత మొయ్యడానికి ఓపిక లేకపోయింది. భయపడమని చెప్పినవాళ్ళు ఒక్కనాడూ వచ్చి, ఇక చాలు, మానెయ్యండి అని చెప్పలేదు. ఆ పని ఎవరికి వాళ్ళే చేసుకోవాల్సి వచ్చింది.

"వరసలో ఏడు సంచులుండేవి సార్," అని కమాండో నెమ్మదిగానే మొదలుపెట్టాడు. "హెచ్చరిక రాగానే జనం సంచులు లాక్కుని పరిగెత్తారు. ఒక్కటి మిగిలింది. నేను దగ్గరికెళ్ళాను."

అక్క కాస్త ఊపిరి పీల్చుకుంది. ఇంతవరకూ నిజమే.

"లోపల టిక్కు టిక్కుమంటోంది. నా చెవి సంగతి వీళ్ళనడగండి, బస్సు మలుపు తిరగకముందే ఏ టైర్లో గాలి తగ్గిందో చెబుతాను."

అధికారి పెన్ను కదిలింది. అక్కడే చెడింది. తన మాట ఒకడు కాగితం మీద పెడుతున్నాడంటే కమాండోకు ఇక బ్రేకులుండవు.

"విప్పి చూద్దును కదా, నలభై వైర్లు. కత్తెర లేదు, పళ్ళతో ఎర్రది కొరికాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆగకపోగా ఇంకా గట్టిగా కొట్టుకుంది. నన్ను చూసి దానికే దడ పుట్టింది సార్."

"పచ్చది కొరకాల్సింది," అన్నాడు డ్రైవరు.

"నువ్వు బస్సు తోలు బావా, చాలు."

ఇక అక్కణ్ణుంచి ఏడు వీధులు పరిగెత్తాడు, సంచి చంకలో పెట్టుకుని. వెనక మోటారుసైకిలు మీద నలుగురు దుండగులు. పెట్రోలు అయిపోయి వాళ్ళు ఆగిపోయారు గానీ అతను ఆగలేదు. నెత్తిమీదికి హెలికాప్టరు వచ్చింది. అందులోంచి ఎవరో పెద్దాయన వంగి, బాబూ, దేశం నీ చేతుల్లో ఉందన్నాడు. నా డ్యూటీ అయిపోయిందండీ, ఓవర్‌టైం రాస్తారా అని కమాండో అడిగాడు.

"రాశారా?" అన్నాడు కండక్టరు.

"ఎక్కడ." కమాండో పెదవి విరిచాడు. "చివరికి గిరగిరా తిప్పి పైకి విసిరాను. మబ్బులు దాటి పోయింది. మొన్న నాలుగు రోజులు కమ్ముకుని కూడా వాన పడలేదే, ఎందుకనుకున్నారు? మబ్బుకు అక్కడ చిల్లుపడి ఉన్న నీళ్ళన్నీ అవతలికి కారిపోయాయి. సంచి మాత్రం ఇంతవరకూ కిందికి రాలేదు."

ఇంతవరకూ కిందికి రాలేదు, అని రాసుకుని అధికారి దాని కింద గీత గీశాడు. అయితే పైనుంచి కూడా ముప్పుందన్నమాట, అన్నాడు గంభీరంగా.

అక్కకు కోపం రాలేదు. కోపానికైనా కాస్త ఓపిక ఉండాలి. గ్లాసులు కడుగుతూ టైము చూసింది. నాలుగు కావస్తోంది.

వరసలో మూడో సంచిలోంచి ఖంగుమని మోగింది.

డ్రైవరు చేతిలో గ్లాసు జారిపోయింది. కండక్టరు స్తంభం వెనక్కి పోయాడు. రెండోసారి మోగేసరికి అధికారి అట్ట నెత్తిన పెట్టుకుని బెంచీ కిందికి దూరాడు. కదలనివాడు కమాండో ఒక్కడే. చెయ్యి ఎత్తి, ప్రయాణికులకు రోజూ చెప్పే మామూలు గొంతుతో అన్నాడు:

"ఏం లేదండీ, కంగారు పడకండి. తాత బాగుచేసే గడియారం అది, నాలుగింటికి పదకొండు కొడుతుంది. ఆ రోజు కూడా ఇదే, నేనే తీసి ఆయన చేతికిచ్చాను..."

ఆగిపోయాడు. గడియారం ఆగలేదు. పదకొండూ కొట్టింది.

"లేవండి సార్," అంది అక్క, బెంచీ కిందికి వంగి. "మబ్బు సంగతి కొట్టేసి ఇప్పుడు చెప్పింది రాసుకోండి. చేతికిచ్చాడట."

అధికారి లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "మరి హెలికాప్టరు?" అని అడిగాడు, కొంచెం ఆశగానే.

కమాండో తల అడ్డంగా ఊపాడు. "లేదు సార్. అందరూ పరిగెత్తిన రోజు నేనొక్కణ్ణే సంచి విప్పి చూశాను. టీవీవాళ్ళకు మొదట అదే చెప్పాను. గడియారం అనగానే మైకు పక్కకు తిప్పేశారు. బాంబన్నాక మళ్ళీ నావైపు తిప్పారు."

ఎవరూ నవ్వలేదు. అధికారి రెండు పేజీలు కొట్టేసి, బాంబు లేదు, గడియారం అని రాశాడు. కమాండో సంతకం పెట్టాడు.

"విప్పి చూసినవాడివి, అది చాలక మబ్బులదాకా ఎందుకురా తమ్ముడూ," అంటూ అక్క అతని ముందు టీ పెట్టింది.

టీవీలో ఎర్ర గీత నడుస్తూనే ఉంది. బస్సు వచ్చింది. ఎవరి సంచి దగ్గరికి వాళ్ళు పోయి నిలబడ్డారు.