ఇంగ్లాండులో వేసిన ఈల

“నేను పెద్ద ఘనకార్యమేం చెయ్యలేదు పెంచలప్రసాదూ. ఒక్క ఈల వేసినాను, అంతే” అని మొదలుపెట్టాడు సురేంద్రబాబు.

ఉదయగిరి బస్టాండు పక్కన జైతూన్‌బీ టీకొట్టు దగ్గరున్నాం. ఆదివారం మా ఊళ్లో కబడ్డీ పోటీలు. ఇన్నేళ్లూ మైకు పట్టిన పెద్దాయనకు గొంతు ఆపరేషనైంది. పైగా పోయినేడు జనం మరీ పలచగా వచ్చారు, అందరూ ఇళ్లలో సెల్‌ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. అందుకని ఈసారి జనాన్ని లాక్కొచ్చే గొంతు కోసం కమిటీ తరఫున పెంచలప్రసాద్ వెతుకుతున్నాడు. ఆ మైకు మీద సురేంద్రబాబుకు చెప్పలేనంత ఆశ. ఆయన భార్య రూబీ ఇంగ్లాండులో నర్సు. ఈయన అక్కడ ఆర్నెల్లు ఉండి మొన్ననే తిరిగొచ్చాడు.

“ఆడ రగ్బీ లీగని ఒక ఆట ఉండాది. మన కబడ్డీకి అన్న అనుకో. జట్టుకి పదమూడు మంది, కోడిగుడ్డు మాదిరి బాలు. దాన్ని చేత్తో ఎనక్కే విసరాల, మనిషి మాత్రం ముందుకే పోవాల. అవతలోళ్లు పట్టుకోని నేలకేసి కొడతానే ఉంటారు. తప్పించుకోని పోయి గీత అవతల బాలు నేలకి ఆనిస్తే పాయింట్లు. ఒకప్పుడు రూబీ ఉండే ఊళ్లో బట్టల మిల్లులు ఉండేవంట. మిల్లు వదిలితే జనమంతా గ్రౌండుకే. ఇప్పుడు మిల్లులు మూసేసినారు, పిల్లకాయలు ఫుట్‌బాలు ఎనక పడినారు, దీనికి ముసలోళ్లు మిగిలినారు. నేను పోయిన రోజు జనం కంటే కుర్చీలే ఎక్కువ. ఆ వచ్చినోళ్లు కూడా ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చోనుండారు. మన కబడ్డీకి పట్టిన గతే గదా దీనికీ పట్టింది అనుకోని, రెండు వేళ్లు నోట్లో పెట్టి, సినిమాహాల్లో కొత్త బొమ్మకి వేస్తామే, ఆ ఈల వేసినాను.”

“వేస్తే?” అన్నాడు ఓబులయ్య. వరికుంటపాడు బస్సు కోసం వచ్చి, టీగ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయిన రైతు.

“ఏమైందో తెలుసా మామా? అవతలి జట్టోళ్లు రెఫరీ ఊదినాడనుకోని ఎక్కడోళ్లు అక్కడ ఆగిపోయినారు! మావోడు నింపాదిగా నడుచుకుంటా పోయి గీత అవతల బాలు పెట్టినాడు. గెలిచినాం. పక్కనున్న ముసలి దొర నా చేతులు పట్టుకోని ఒకటే ఏడుపు. ముప్పై ఏళ్లయింది నాయనా, ఈ గ్రౌండులో ఇట్టాంటి మోత విని, అన్నాడు.”

“తెలుగులోనా?” అన్నాడు ఆటో నయీమ్.

“ఏడుపుకి భాషేందిరా! మధ్యలో అడ్డం రాబాక. మరుసటి వారానికి ఊరూరా పాకిపోయింది, ఈల దొర వచ్చినాడని. నేను ఊరికే కూర్చుంటానా? అభిమాన సంఘం పెట్టినాను. కెప్టెనుకి యాభై అడుగుల కటౌట్ లేపినాను. కింద నా ఫోటో చిన్నదే వేయించినాను, ఆరడుగులు. క్రేను పెట్టి దండ వేసినాం. ఇంక పాలాభిషేకం చూడాల! మూడు జిల్లాల పాలు దాని మీద పోసినారు. వారం రోజులు ఇంగ్లాండు ఇంగ్లాండే పాల్లేని టీ తాగింది. ఒక్కడన్నా నోరెత్తితే ఒట్టు!”

జైతూన్‌బీ పాలగిన్నె మీద మూత పెట్టింది.

“ఆ తర్వాత జరిగింది చెప్తే మీరు నమ్మరు. జనం పట్టక గ్రౌండు గోడలు పడగొట్టినారు. అయినా చాల్లేదు. రైళ్లు పట్టాల మీదే ఆపేసి డ్రైవర్లు కూడా ఆటకి వచ్చేసినారు. లండన్ నించి ఫుట్‌బాలోళ్లు దిగి, సామీ, మా స్టేడియాల్లో పావురాలు గుడ్లు పెడతా ఉండాయి, ఒక్క ఆదివారమన్నా మాకొదిలెయ్యి అని కాళ్లు పట్టుకున్నారు. వదిలినానా? ఫైనలు నాడు మావోడికి కాలు మడతపడింది. జనమంతా ఈల దొర, ఈల దొర అని ఒకటే కేక. లుంగీ ఎగ్గట్టి దిగినాను. బాలు సంకలో పెట్టుకోని ఉరికినాను. ఒకడు కాలు పట్టినాడు, ఒకడు నడుం పట్టినాడు, పదమూడు మందీ ఏలాడినారు. ఆగితే గదా! గీత దాటినాను, గేటు దాటినాను, ఆ ఊపులో బస్టాపు దాకా పోయినాను. కండక్టరు నన్ను చూసి, నువ్వు ఎక్కు గానీ, ఈ లగేజీ పైన వేసెయ్ అన్నాడు!”

అప్పటికి కొట్టు ముందు కాలు పెట్టేందుకు చోటు లేదు. పెంచలప్రసాద్ నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. అదే సందని సురేంద్రబాబు అడిగేశాడు.

“ఇప్పుడు చెప్పు. ఆదివారం మైకు ఎవరికిస్తావు?”

“ఉండు సురేంద్రా” అంది జైతూన్‌బీ. “రూబీ నాకు వారం వారం ఫోన్ చేస్తాది. ఈల సంగతి నాకూ చెప్పింది.”

సురేంద్రబాబు ముఖంలో రంగు మారింది.

“ఈల వేసింది నిజమే. రెఫరీ అనుకోని ఆగిపోయిందీ నిజమే. ఆగింది మాత్రం మీ జట్టోడు! గీతకి రెండడుగుల్లో బాలు పట్టుకోని బిత్తరపోయి నిలబడినాడంట. అవతలోళ్లు లాక్కోనిపోయి గెలిచినారంట. ఆ తర్వాత ఆట ఉన్నప్పుడల్లా రూబీ నిన్ను ఇంట్లో పెట్టి తాళమేసుకోని పోయిందంట గదా?”

కొట్టంతా గొల్లుమంది. సురేంద్రబాబు తల దించుకున్నాడు. మైకు పోయిందని మా అందరికీ అర్థమైంది. నవ్వుతూనే పాపం అనిపించింది. పదిమందిలో మాట్లాడడమంటే ఆ మనిషికి ప్రాణం.

“ఒరే, నా బస్సేదిరా?” అని గావుకేక పెట్టాడు ఓబులయ్య.

వరికుంటపాడు బస్సు ఎప్పుడు వెళ్లిందో ఒక్కరూ చూడలేదు. ఆత్మకూరు బస్సు కూడా ఖాళీగానే వెళ్లిపోయింది. ఎక్కాల్సినవాళ్లంతా చల్లారిన గ్లాసులు పట్టుకుని ఇక్కడే ఉన్నారు. ఒక్కడి చేతిలోనూ సెల్‌ఫోన్ లేదు. పెంచలప్రసాద్ వాళ్లందరినీ ఒకసారి కలయజూశాడు.

“నాక్కావాల్సింది ఇదే గదా! మైకు నీదే బాబన్నా. ఈల వేస్తే మాత్రం ఊరుకోను.”

సురేంద్రబాబు ముఖం వెలిగిపోయింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“బస్సంటే గుర్తొచ్చింది. ఆ లగేజీ వేసుకోని లండన్ దాకా పోయినామా...”

“రూబీకి ఫోన్ కలపమంటావా?” అంది జైతూన్‌బీ.

సురేంద్రబాబు గబుక్కున టీగ్లాసెత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.