వయొలిన్ ఆవిడ

అది కాదక్కా, వాళ్ళు నిన్నే పంపిస్తారని నేను కలగన్నానా? ఒక్క మాట చెప్పొద్దూ? నాటకాలు లేని నెలల్లో శిక్షణలు ఇచ్చేవాళ్ళ దగ్గర వేషాలు వేస్తున్నానని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాతో అన్నావా? అని ఉంటే నేను ఆ గది గడప తొక్కేదాన్నే కాదు.

సరే, అరవను. కింద టికెట్ల కిటికీ దగ్గర అమ్మాయి వింటుంది. నువ్వు మాత్రం ఆ విగ్గు దువ్వడం కాస్త ఆపక్కా. దాని చిక్కు ఎప్పుడో పోయింది.

నేనేమైనా సరదాపడి వెళ్ళానా? మన నాటకశాల బోర్డువాళ్ళు పంపారు. కళాసంస్థల్లో కొత్తగా పెద్ద కుర్చీ ఎక్కినవాళ్ళకి నాయకత్వం నేర్పుతారట. మ్యూజియం ఆయన, వాద్యబృందం మేనేజరు, డాన్సు స్కూలు నడిపే ఆవిడ, ఇంకా అలాంటివాళ్ళే కొందరు, నేను. అందరం నిన్నటిదాకా పని చేతనైనవాళ్ళమే. ఇప్పుడు పని చేయించడం చేతకాక దిక్కులు చూస్తున్నాం.

నిన్నంతా బాగానే గడిచింది. నీ బలం ఏమిటి, నీ భయం ఏమిటి అని ఒక్కొక్కరినీ అడిగారు. మ్యూజియం ఆయన తనకి భయమన్నదే లేదన్నాడు. అన్నవాడు ఊరుకున్నాడా, గార్డు సెలవడిగితే కాదనలేక ఆదివారమంతా తనే స్టూలేసుకుని కాపలా కాశానని భోజనాల దగ్గర బయటపెట్టేశాడు. ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. నవ్వే మొహమా నాది?

ఇవాళ పొద్దున మొదలైంది అసలు సంగతి. మీ సంస్థలో ఎవరికో చెప్పాల్సి ఉండి చెప్పలేకపోతున్న మాట ఒకటి తీసుకోండి, పేరు మార్చండి, వృత్తి మార్చండి, మా నటులొచ్చి ఎదురుగా కూర్చుంటారు, వాళ్ళకి చెప్పి చూడండి, అంది కోర్సు చెప్పే ఆవిడ.

నా దగ్గర అలాంటి మాట ఒకటే ఉందక్కా. ఆ మాట పట్టుకుని ఈ మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో నీకు తెలియదు. ఎక్కడం, నీ మొహం చూడటం, సూదీదారం ఉందా అక్కా అని అడగడం, దిగిపోవడం. నా సంచీ నిండా నీ దారపు ఉండలే ఇప్పుడు.

ఏం మార్చాలో తోచక వయొలిన్ అన్నాను. ఒకావిడ, పేరున్న మనిషి, ఈమధ్య వేళ్ళు తడబడుతున్నాయి, ముందువరసలోంచి తప్పించాలి. అంతే చెప్పాను.

తలుపు తీసుకుని నువ్వొచ్చావు.

రావాల్సినావిడకి జ్వరమొస్తే నిన్ను పిలిచారట కదా. నువ్వేమో నన్ను చూసి చిన్నగా నవ్వావు, మన పిల్లే కదా, బాగా చేసి పెడదాం అన్నట్టు. ఆ నవ్వే నన్ను తినేస్తోంది. అప్పటికి నీకేం తెలుసు? అది ఎవరో వయొలిన్ ఆవిడ కథే అనుకుంటున్నావు.

అప్పుడే లేవాల్సింది. ఈవిడ నాకు తెలుసండీ, ఇంకొకర్ని పిలవండి అంటే పోయేది. ఎందుకు అనలేదంటావా? అందరూ చూస్తున్నారు. అందరి వంతూ అయింది, నేనే మిగిలాను. పైగా, ఇదీ ఒకందుకు మేలే అనిపించింది. ఈ మొహం చూస్తూ ఒకసారి అనేస్తే, నిజంగా అనాల్సిన రోజున నాలుక తిరుగుతుందనుకున్నాను. చూడు, నాకెంత తెలివో.

మొదలు బాగానే పెట్టాను. నిన్ను పట్టుకుని ‘మీరు’ అన్నాను. నువ్వు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళ చివర్లు బొటనవేలితో రాసుకుంటూ కూర్చున్నావు. జన్మలో వయొలిన్ ముట్టినదానివి కాదు. వాద్యబృందం మేనేజరు ముందుకి వంగి మరీ చూశాడు. ఆయన దగ్గర వాయించేవాళ్ళు అచ్చం అలాగే చేస్తారట.

చెడగొట్టింది నేనే. ‘రెండో అంకంలో మీ పక్కవాళ్ళు మీకోసం ఆగాల్సి వస్తోంది’ అన్నాను.

వయొలిన్‌కి రెండో అంకం ఏమిటక్కా?

వాళ్ళెవరూ పట్టించుకోలేదు, కంగారులో ఏదో అంది అనుకున్నారు. నీ బొటనవేలు మాత్రం ఉన్నచోటే ఆగిపోయింది.

పోనీ నేనన్నది అబద్ధమా? ఎన్నేళ్ళు తెర పక్కన కూర్చుని నీకు మాట అందించాను. నువ్వు ఊపిరి తీసుకునే తీరు చూస్తే చాలు, మాట వస్తుందో రాదో నాకు తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ కొత్త ప్రాంప్టరు గొంతు ప్రేక్షకుల దాకా వినిపిస్తోంది. నీ మొగుడి వేషం వేసే ఆయన నీ మాటలు కూడా తనే అనేస్తున్నాడు, ‘నన్ను క్షమించమని అడగబోతున్నావు కదూ’ అంటూ. జనం అదేదో కొత్త పద్ధతి అనుకుంటున్నారు. బోర్డువాళ్ళు అనుకోవడం లేదు. వచ్చే నాటకంలో పెద్ద వేషం నీకా, మన బృందంలోని ఆ చిన్నదానికా, సోమవారంలోగా తేల్చమన్నారు. నీతో మాట్లాడి, నువ్వు ఒప్పుకున్నాకే తేల్చమన్నారు. ఆ ఒక్క మర్యాదా వాళ్ళు మిగిల్చారు.

నిన్ను నేను ఒప్పించాలట. ‘దీనికి అందరి మాటలూ కంఠతా వచ్చు, దీన్నే కూర్చోబెట్టండి’ అని ఈ కుర్చీ నాకు ఇప్పించింది నువ్వు. మనవాళ్ళన్నవాళ్ళు ఒక్కరు లేని ఊళ్ళో పిల్లల్ని పెంచుకుంటున్నాను. నాకేమైనా అయితే ఎవరికి కబురు చెయ్యాలని బడివాళ్ళు అడిగితే నీ నంబరే ఇచ్చాను. చిన్నవాడి పన్ను ఊడితే ముందు నీకు చూపించి ఆ తర్వాత నాకు చూపిస్తాడు. ఈ అద్దాల బల్ల కింద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నారు ఇద్దరూ. పెద్దమ్మ స్టేజీ మీద లేదేమని అడిగితే ఏం చెప్పను? నేనే తీసేశాననా? అదీ ఆ కోర్సులో నేర్పిన గొంతుతోనే చెప్పనా?

తర్వాత నువ్వు తలెత్తి నన్ను చూశావు. ‘అందరికీ తెలుసా?’ అని అడిగావు.

ఆ ప్రశ్న వయొలిన్ ఆవిడది కాదు. అక్కడున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు ఆ సంగతి. చెడ్డమాట చెప్పేశాక నోరు మూసుకోవాలి, ఎదుటివాళ్ళ బాధని మన మాటలతో కప్పెయ్యకూడదు అని పొద్దున్నే నేర్పారు. నేను నోరు మూసుకున్నాను. నీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను పాఠం తప్పలేదు.

అప్పుడు తల ఊపావు. ‘సరేనమ్మా. చిన్నవాళ్ళు వాయిస్తారు, నేను పక్కన కూర్చుని వింటాను’ అన్నావు.

వాయిస్తారు అన్నావు. అంత తగిలాక కూడా వేషం వదల్లేదు నువ్వు. నా పరువు కాపాడావో, నీ పని నువ్వు చేశావో, ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. డాన్సు స్కూలు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ మౌనం చూశారా, అదీ నాయకత్వం అంటే, అంది కోర్సు చెప్పే ఆవిడ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ లోపల ఒక మూల కాస్త సంతోషం కూడా వేసింది. దాచడం ఎందుకు, వేసింది.

అలా చూడకు. క్షమాపణ అడగడానికి వచ్చాననుకుంటున్నావు కదూ? మెట్లెక్కుతున్నంతసేపూ నేనూ అలాగే అనుకున్నాను. అది ఉత్త రిహార్సలక్కా, ఏదీ తేలలేదు, రేపు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం అందామని వచ్చాను. మాట నోటి దాకా వచ్చే ఉంది.

అదీ అబద్ధమే.

నువ్వు వెళ్ళిపోయాక అక్కడే వరండాలో నిలబడి బోర్డు అధ్యక్షుడికి ఫోన్ చేశాను. ఆవిడతో మాట్లాడానండీ, బాధపడ్డారు, కానీ ఒప్పుకున్నారు, అన్నాను. ఇంత సులువుగానా అని ఆయన ఆశ్చర్యపోయాడు. నేర్చుకుంటున్నాను కదండీ అన్నాను. ఈపాటికి చిన్నదానికి కబురు వెళ్ళిపోయి ఉంటుంది.

ఇప్పుడైనా చెప్పొచ్చు, కాదండీ, పొరపాటైందండీ అని. ఫోన్ చేతిలోనే ఉంది. చెయ్యనక్కా. చేస్తే మళ్ళీ నీ ఎదురుగా కూర్చుని ఆ మాట అనాలి. ఈసారి నువ్వు సరే అంటావని ఏముంది?

ఒప్పుకున్నది వయొలిన్ ఆవిడ, నువ్వు కాదు. ఆ తేడా నాకు ఫోన్ చేస్తున్నప్పుడే తెలుసు.